పెండ్లి కారు, గాజుల సప్పుడు

"అవ్వా, పెండ్లి ఫోటోలల్ల అందరి చేతులు సక్కగున్నయి. నీ చేతులేంది గంత నల్లగున్నయి? స్నేహను అడిగితె నవ్వుతాంది గని చెప్తలేదు. నిన్నే అడుగుమంటాంది."

అడిగినవా! ఎప్పుడడుగుతవా అని ఎదురుసూస్తున్న బిడ్డా. పెండ్లయి నెల గావస్తాంది. గీ పిలగాడు ఇంకా అడుగుతనే లేడేంది, కండ్లద్దాలు పెట్టుకుంటడు గని కండ్లు కనవడయా అనుకున్న. ఉండుండు, ఆ ఫోన్ల నా మాట పడుతాందా? ఇంకింత దగ్గరికి వెట్టు. ఆ ఫ్యాన్ బందు చెయ్యి, గరగర అంటది. ఆ, గిప్పుడు మంచిగుంది.

ముందుగాల నీ సంగతి చెప్త. ఆ దినం చర్చిల నువ్వెట్ల నిలవడ్డవో నాకు అందరు చెప్పిన్రులే. మెడకు టై, కోటుకు పువ్వు, పాస్టరయ్య పక్కపొంటి కొయ్యలెక్క నిలవడ్డవట. పియానో కాడి పిల్ల ఒక్కటే పాట మల్ల మల్ల వాయించిందట. మీ అమ్మ గేటు దిక్కు ఒకపారి, నీ మొఖం దిక్కు ఒకపారి సూసుకుంట పరేషాన్ అయిందట. పిల్ల మనసు మారిందేమోరా అని నీ దోస్తెవడో చెవుల ఊదిండట గదా? హహ్హహ్హ! సిగ్గువడకు. నీ పెండ్లాం, నా మన్మరాలు స్నేహ, యాడికి వోలే బిడ్డా. తెల్లచీర కట్టుకోని, ముసుగు ఎనక్కి ఏసుకోని, నడితొవ్వల డ్రైవర్ సీట్ల కూసోని యాక్సిలేటర్ తొక్కుతుండె. నేను బానెట్ల తలకాయ పెట్టి ఉన్న. గదీ సంగతి!

ఆగు, గట్ల నడుమకెళ్ళి చెప్తె నీకు సమజ్ గాదు. మీ తాతకాడికెళ్ళి మొదలువెట్టాలె.

మీ తాత సామేలు, అంటే నా పెనిమిటి, నన్ను చేసుకునే నాటికి శామీర్‌పేట దిక్కు గుట్టలల్ల రాళ్ళు కొట్టే పనికి వోతుండె. గుట్టకు మందు పెట్టి పేల్చేటోళ్ళు గదా, ఒకనాడు జర దగ్గర నిలవడ్డడు, కుడిచెవు పాయె. పాయె అంటె మొత్తానికే పాయె. ఎడమ చెవు గూడ సగం సగమే. నాకు కోపమొస్తె ఏం జేస్తుంటి ఎరికేనా? ఆయనకు కుడిదిక్కు కూసోని తిట్టుకుంట కూరగాయలు కోసుకుంటుంటి. ఎంత హాయి! ఆయన నవ్వుకుంట చాయ్ తాగుతుండె. యాభై ఏండ్లు గట్లనే ఎల్లవోయింది మా కాపురం. తర్వాత తెల్సింది, నా మూతి కదిలేది సూసి ఆయనకు అంతా సమజయ్యేదట. దొంగ!

ఏం చెప్తున్న? ఆ, కారు. గుట్ట పని ఇడిసిపెట్టి డ్రైవింగు నేర్సిండు. మేడ్చల్ అడ్డా మీద ఆళ్ళయీ ఈళ్ళయీ కార్లు నడిపి నడిపి, ఆఖరికి ఒక పాత అంబాసిడర్ కొన్నడు. నువ్వు ఎక్కి ఫోటో దిగినవ్ సూడు, గదే. గది పెట్రోలుది. గప్పుడు పెట్రోలు ఎంత అగ్గువ అనుకుంటున్నవ్! లీటరు పన్నెండు రూపాలు... కాదు, కాదు, మా కొడుకు దానియేలు పుట్టినప్పుడు ఇంకా తక్కువే. సరేతియ్యి, ఆ లెక్కలెందుకిప్పుడు, తలకాయ నొప్పి.

గా కారుకు ఒక రోగముండె. రోగం గాదు, అన్ని పాత ఇంజన్లకు ఉండేదే. టైమింగు. నీ కారుకు గీ బాధ లేదులే, కరెంటుతోని నడుస్తది. అది ఎప్పుడొచ్చిందో ఎప్పుడు వోయిందో మా వాకిట్ల కుక్కకు గూడ తెలుస్తలేదు, పండుకున్నది లేస్తనే లేదు. సప్పుడు లేని బండిని నేనెట్ల నమ్మాలె చెప్పు? దానికి పానం బాగలేకుంటె నాకెట్ల తెలుస్తది?

టైమింగు అంటె ఏం లేదు బిడ్డా. ఇంజన్ల పెట్రోలు, గాలి కలిసి లోపట ఒత్తుకపోతది. సరిగ్గ ఒత్తుకపొయ్యే యాళ్ళకు ప్లగ్గు నిప్పురవ్వ ఏయాలె. పోరగాండ్లను ఉయ్యాల ఊపుతం గదా, ఉయ్యాల మన దిక్కు వచ్చి మర్లేటప్పుడే నూకాలె. ఇంకా వస్తుండంగనే నూకితె నీ చేతికి దెబ్బ తలుగుతది. పోయినంక నూకితె నీ చెయ్యి గాలిల ఊగుతది. గీడ గూడ గంతే. రవ్వ ముందుగాల వడితె ఇంజన్ తంతది, ఆలిశంగ వడితె గుంజది, ఉడికిపోతది, సైలెన్సర్ల పటపట పేలుతది. గా రవ్వను పంచేదానికి డిస్ట్రిబ్యూటర్ అంటరు. పైన నల్లటి టోపీ, టోపీకి తీగలు. కింద ఒక నట్టు. నట్టు ఒదులు జేసి దాన్ని జరంత ఇటు తిప్పితె ముందుకు, జరంత అటు తిప్పితె ఎనక్కి. జరంత అంటె జరంతే, వడ్లగింజంత.

అయితె మీ తాత తిప్పడంల మొనగాడు. చెయ్యి మంచిది. చెవు లేదాయె! ఇంజన్ ఎక్కువ ఉరికేదాంక తిప్పుతుండె, ఇగ గదే సరి అని నట్టు బిగిస్తుండె. ఇంటి ముంగట నిలవెట్టినప్పుడు మంచిగనే ఉంటది, బర్రున తిరుగుతది. ఎత్తు ఎక్కేటప్పుడే దాని అసలు రంగు బయటవడేది.

ఒక ఆదివారం ఇద్దరం చర్చికి వోతున్నం. మన చర్చి శామీర్‌పేట దిక్కు గదా, మేడ్చల్ దాటినంక తొవ్వల ఒక ఎత్తు వస్తది, నువ్వు జూసే ఉంటవ్. నేను ఆయనకు ఎడమదిక్కు కూసున్న, మంచి చెవు దిక్కు. దేవుడు గదొక్కటి ఆలోచన జేసే పెట్టిండు. కారు ఎత్తు ఎక్కుతాంది. నాకు టింగుటింగుటింగున సన్నగ ఇనవడుతాంది, అచ్చం గాజులు ఒకదానికొకటి తాకినట్టు. "ఏందయ్యా గా సప్పుడు" అన్న. "ఏం సప్పుడే?" అన్నడు. "గాజుల సప్పుడు లెక్కుంది" అన్న. పకపక నవ్విండు. "నీ చేతులకు దోసెడు గాజులున్నయి, ఇంజన్ల ఎతుకుతున్నవా" అన్నడు.

నాకు రోషమొచ్చింది. ఉన్న గాజులన్నీ తీసి కొంగుల మూటగట్టి ఒళ్ళె పెట్టుకున్న. మల్లొచ్చే ఆదివారం అదే ఎత్తు. మల్ల టింగుటింగుటింగు. చేతులు రెండూ లేపి ఆయన మొఖం ముంగట పెట్టిన, బోడి చేతులు. "ఇగ చెప్పు, ఎవరి గాజులు?" అన్న. ఆయన కారు పక్కకు ఆపిండు. నా చేతులు సూసిండు, నా మొఖం సూసిండు. ఆ సప్పుడు అట్లనే ఉంటె ఇంజన్ లోపట బొక్కలువడతయని ఆయనకు ఎరికే. నాకు తెల్వదు. "రూతమ్మా, ఇగ సంది నువ్వు ఇను, నేను తిప్పుత" అన్నడు. గంతే అన్నడు. నాకు ఇప్పటికి గూడ ఆ మాట యాదికొస్తె ఒళ్ళు జలదరిస్తది బిడ్డా, సూడు, సూడు, ఎంటికలు లేసినయి.

గప్పటిసంది అదొక పద్ధతి అయింది మాకు. నేను డ్రైవర్ సీట్ల కూసుంట, యాక్సిలేటర్ మీద కాలు పెడత. ఆయన బానెట్ల తలకాయ పెడతడు. ఆయనకు నా మాట ఇనవడదు గదా, అందుకని హారన్. రెండుసార్లు కొడితె ఎనక్కి తిప్పు, ఒక్కసారి కొడితె ఇగ సాలు, బిగియ్యి. తర్వాత గా ఎత్తు మీదికి పోయి ఇనుడు. గాజులు ఇనవడితె మల్ల ఆపి జరంత ఎనక్కి. వాడకట్టోళ్ళు నవ్వేటోళ్ళు, "రూతమ్మ హారన్ కొట్టి మొగన్ని ఆడిస్తాంది" అని. నవ్వనియ్యి, నాకేంది!

ఒకనాడు మస్తు మంచిగ కుదిరింది. ఎత్తు ఎక్కితె వెన్నల కత్తి దిగినట్టు ఎక్కింది, గాజులు లెవ్వు, ఏం లెవ్వు. నేను ఒక్కటే హారన్ ఎంతసేపు కొట్టిన్నో! మీ తాత ఉలి తెచ్చి డిస్ట్రిబ్యూటర్ మీద ఒక గీత, దాని ఎదురుంగ ఇంజన్ మీద ఒక గీత కొట్టిండు. "ఇగ ఎప్పుడు ఇప్పినా గీ రెండు గీతలు కలిస్తె సాలు, నీ చెవు గీడ రాసిపెట్టిన" అన్నడు.

పెండ్లి ముచ్చటకు వస్తున్న, తొందరవడకు. చాయ్ సల్లారుతాంది, తాగు.

గా కారు పెండ్లికూతుండ్ల కారు ఎట్లయిందంటె, మన చర్చిల ఒక పేదింటి పిల్లకు పెండ్లి కుదిరింది. ఆళ్ళకు బండి లేదు. మీ తాత కారు కడిగి, బంతిపూలు కట్టి, తీస్కపోయి చర్చి ముంగట దించిండు. మొత్తం సంఘం చప్పట్లు. ఆ పిల్ల కాపురం మంచిగైంది, పిల్లలైన్రు. ఇగ జూస్కో! ప్రతి ఇంటోళ్ళు "మా బిడ్డ సామేలన్న కారులనే దిగాలె" అనుడు. ఏసీ కార్లు ఉన్నోళ్ళు గూడ గిదే మాట. కిరాయి తీసుకోకపోతుండె. పెండ్లికూతుర్ని దించినంక గేటు కాడ ఒక్క హారన్ కొడుతుండె, ఒక్కటే. అందరు పెండ్లి హారన్ అనుకునేటోళ్ళు. దాని అర్థం నాకు, ఆయనకే తెలుసు. అన్నీ సక్కగున్నయి, సాలు, బిగియ్యి అని.

ఎంతమంది పెండ్లికూతుండ్లు దిగిన్రో ఆ కారుల. స్నేహ చిన్నప్పటిసంది సూసుకుంట పెరిగింది. "తాతా, నా పెండ్లికి నువ్వే నడపాలె" అంటుండె. "నేను నడపకుంటె నిన్ను నడిపిచ్చుకుంట తీస్కపోతనా" అని ఆయన నవ్వుతుండె. కరోనా తర్వాత ఆయన పానం పాయె. కారు రేకుల కింద ఉండిపోయింది. మా దానియేలు, అంటె మీ మామ, వారానికొకసారి స్టార్ట్ జేసి వాడల ఒక చుట్టు తిప్పి పెడుతుండె.

నీతోని పెండ్లి ఖాయమైనంక స్నేహ ఒక్కటే అన్నది. "తాత ఎట్లా లేడు. ఆయన కారుల దిగుత. వేరేది వద్దు." మీ మామ అప్పటిసంది ఆ కారు వెంట వడ్డడు బిడ్డా, పెండ్లి పనులన్నీ ఇడిసి! సుచిత్ర చౌరస్త కాడికి వోయి సీట్లకు కొత్త గుడ్డ ఏపిచ్చిండు. డోర్లకు రంగు. చక్రాలకు రంగు. ఆఖరికి బానెట్ లేపి ఇంజన్‌కు గూడ వెండిరంగు కొట్టిండు. సక్కగ కొట్టాల్నని డిస్ట్రిబ్యూటర్ మొత్తం ఊడదీసి, తుడిసి, సందులల్ల గూడ కొట్టిండు. నాయిన కారు మెరవాలె అని పావురంతోనే, ప్రేమతోనే జేసిండు పాపం. గీతల మీద గూడ కొట్టిండు! ఆ గీతలేందో వానికి తెల్వది. నాయిన చెప్పలే, నేను చెప్పలే. మా ఇద్దరి నడుమ ముచ్చట గది, కొడుకుతోని చెప్పాల్నని తోచనే లేదు. మల్ల దాని జాగల పెట్టి, స్టార్ట్ జేసిండు. లేసింది. వాడల ఒక చుట్టు కొట్టిండు. తిరిగింది. "అమ్మా, సూడు ఎట్ల మెరుస్తాందో" అని చిన్నపోరని లెక్క సంబురవడ్డడు. నేను గూడ ముద్దువెట్టుకున్న వాన్ని. పైన పటారం లోన లొటారం అని అప్పుడు నాకేం తెలుసు.

ఇగ పెండ్లి పొద్దు. కారుకు పూలు, స్నేహకు పూలు. దానియేలు కోటు ఏసుకోని నడుపుతాండు. ఎనక సీట్ల నేను, స్నేహ. స్నేహ మేనమామ లేడా, పెద్ద కొత్త కారుంది సూడు, ఆయన మా ఎనకనే వస్తాండు చుట్టాలను ఎక్కిచ్చుకోని. మేడ్చల్ దాటేదాంక ఏం లేదు. అటెన్క నాకు అనుమానం కొట్టింది. బండి గుంజుతలేదు. మనిషికి జరమొచ్చినట్టు నడుస్తాంది. దానియేలు యాక్సిలేటర్ తొక్కుతాండు, అది మూలుగుతాంది. గా ఎత్తు మొదలైంది. ఇగ సూడు, పట్! పటపట్! సైలెన్సర్ల దీపావళి! ముంగటకెళ్ళి పొగలు. సగం ఎత్తుల దబ్బున ఆగిపాయె.

అందరు దిగిన్రు. తలా ఒక మాట. ఒకడు పెట్రోల్ల నీళ్ళు కలిసినయంటడు, ఒకడు ప్లగ్గులంటడు, ఒకడు తీగలు గుంజవట్టె. కోతిపుండు బ్రహ్మరాక్షసి అయితదని నేను అందరిని ఎనక్కి జరిపిన. మేనమామ అన్నడు, "అవ్వా, ఆడ అందరు ఎదురుసూస్తున్నరు. పిల్లను నా కారుల ఎక్కియ్యున్రి, పది నిమిషాల్ల దించుత. గీ కారు సంగతి రేపు సూస్కుందురు." మంచి మాటే అన్నడు, తప్పువట్టెతందుకు లేదు. స్నేహ తలకాయ వంచుకోని తాత సీటు మీద చెయ్యి పెట్టి నిలవడ్డది. కండ్లనీళ్ళు ఆపుకుంటాంది, మొఖానికి ఏసిన రంగు కరగొద్దని. దానియేలు అయితె బానెట్ పట్టుకోని, "అమ్మా, నేనే ఖరాబ్ జేసిన. ఒక్క బిడ్డ, ఒక్క కోరిక, నా చేతులతోనే ఖరాబ్ జేసిన" అని ఏడుస్తాండు. కోటు ఏసుకున్న మనిషి నడితొవ్వల ఏడుస్తుంటె పానం ఎట్లుంటది చెప్పు.

నేను బానెట్ల తొంగిచూసిన. అంతా వెండే. మెరిసిపోతాంది. గీతలు యాడ ఉన్నయి? లెవ్వు. గోరుతోని గీకిన, తాళంచెయ్యితోని గీకిన, ఆ రంగు ఏం రంగో గని ఊడదు. అప్పుడు సమజైంది నాకు, వీడు దాన్ని ఊడదీసిండు, ఎట్ల వస్తె అట్ల పెట్టి బిగించిండు. రవ్వ ఆలిశంగ వడుతాంది. గంతే రోగం! నాకు దుఃఖం పాయె, హుషారొచ్చింది. "ఏడువకు కొడుకా, నట్టు ఇప్పే పానా తే!" అన్న. "అమ్మా, నీకు..." అన్నడు. "పానా తే అంటున్న గదా!" అని గద్దించిన.

ఇంజన్ జర సల్లారనిచ్చి, నీళ్ళు వోసి, మల్ల లేపిన్రు. నేను డ్రైవర్ సీట్ల కూసున్న. మీ తాత వోయినంక మొదటిసారి. కాలు పెడల్ మీద పెట్టంగనే నాకు ఇరవై ఏండ్లు తగ్గినట్టనిపిచ్చింది బిడ్డా! దానియేలుకు చెప్పిన, ముందుకు తిప్పు, ఇంకా, ఇంకా. ఇంజన్ గొంతు మారింది. మూలిగేది పాయె, బర్రున అందుకుంది. ఒక్క హారన్ కొట్టిన. బిగించిండు. అందరు కేకలు! "ఎక్కున్రి, ఎక్కున్రి" అన్న. మేనమామ గూడ చప్పట్లు కొట్టిండు.

కారు ఎత్తు ఎక్కుతాంది. మంచిగ గుంజుతాంది. నేను ఎనక సీట్ల కాలు మీద కాలేసుకోని రాణి లెక్క కూసున్న. రూతమ్మ చెవు అంటె ఏమనుకున్నరు అని. అప్పుడు పక్కకెళ్ళి స్నేహ మెల్లగ అన్నది.

"అవ్వా, ఏదో సప్పుడొస్తాంది. గాజులు తాకినట్టు."

నేను చెవు పెట్టిన. ఏం లేదు. "నీ గాజులే పిల్లా" అన్న. "నిండుగ ఏసుకుంటివి గదా" అని నవ్విన గూడ.

స్నేహ ఏం జేసింది ఎరికేనా? రెండు చేతుల గాజులు పైకి జరిపి, కొంగు చుట్టి గట్టిగ పట్టుకోని, నా మొఖం ముంగట పెట్టింది. "ఇప్పుడు గూడ వస్తాంది అవ్వా" అన్నది.

బిడ్డా, నా పెనిమిటి నన్ను అన్న మాటే నేను దాన్ని అన్న. నేను ఆయనకు జూపిన చేతులే అది నాకు జూపింది. అదేమో మా ముచ్చట ఎన్నడు ఇన్నది గాదు. కండ్లు మూసుకోని మల్ల ఇన్న. ఎంత ఇన్నా నాకు ఆ సప్పుడు లేదు. సన్న సప్పుడు నా చెవులకు ఎప్పుడు బందైందో నాకే తెల్వదు. ఎవరు చెప్పాలె? చెప్పెటోడు లేకపాయె. ఒక్క నిమిషం మస్తు ఏడుపొచ్చింది. ఆయన ఎట్లుంటుండెనో, ఇన్నేండ్లు లోకం సప్పుడు లేకుండ, అని గప్పుడు ఎరికైంది నాకు.

ఏడుస్తె పెండ్లి ఆగుతది గదా! "ఆపురా దానియేలు" అన్న. కారు పక్కకు ఆపిండు. "స్నేహా, దిగు. ముంగట సీట్ల కూసో. యాక్సిలేటర్ మీద కాలు పెట్టు" అన్న. చీర నలుగుతదని ఎవరో అన్నరు. "నలగనియ్యి, ఇస్త్రీ నా మొఖంతోని జేస్త" అన్న. దానియేలు ఇంకా కండ్లు తుడుసుకుంటాండు, వాని చేతుల పానా గుంజుకున్న. నలభై ఏండ్లు గా సీట్ల కూసోని ఇన్నదాన్నే గని, ఒక్కనాడు గూడ దాన్ని చేత్తోని తిప్పలే నేను. పట్టుకుంటె ఏడి, నూనె, చేతినిండ నలుపు. మేనమామ వచ్చి నా మీద గొడుగు పట్టిండు, పెండ్లికూతురి కోసం తెచ్చిన గొడుగు! తొవ్వల పొయ్యేటోళ్ళు బండ్లు ఆపి సూస్తున్నరు. కండ్లకోయ కాలేజీ పోరగాండ్ల బస్సు ఒకటి పోతుంటె కిటికీలకెళ్ళి ఈలలేసిన్రు. నేను గూడ ఒక చెయ్యి ఊపిన.

స్నేహ రేసు ఇస్తాంది. ఇంజన్ మొత్తుకుంటాంది. నాకు బర్రుమనుడే గని ఏది మంచో ఏది చెడో ఏర్పడుతలేదు. కొద్దికొద్దిగ తిప్పుతున్న, మీ తాత తిప్పినట్టే, వడ్లగింజంత. హారన్ రెండుసార్లు వచ్చింది. దానికి ఎవ్వరు చెప్పిన్రు, ఎప్పుడు చెప్పిన్రు? నేను చెప్పలే! తలకాయ లేపి సూసిన. కిటికీలకెళ్ళి తలకాయ బయటవెట్టి నా దిక్కే సూస్తాంది, ముసుగు ఎనక్కి ఏసుకోని. గప్పుడు యాదికొచ్చింది. చిన్నగున్నప్పుడు నా ఒళ్ళె కూసుంటుండె గదా గా సీట్ల! నేను ఇనుకుంట దాని తొడ గిచ్చితె, హారన్ అది కొడుతుండె. చాక్లెట్ కోసం కొడుతాంది అనుకున్న గని, ఇది అర్థం గూడ పట్టుకున్నదని నాకేం ఎరుక. నేను ఎనక్కి తిప్పిన. ఇంకింత. ఇంకొక్క రవ్వంత.

ఒక్క హారన్.

బిగించిన. మల్ల ఎక్కినం. మిగిలిన ఎత్తు ఎక్కుతుంటె స్నేహ ముంగటికి ఒంగి కండ్లు మూసుకోని ఇన్నది. నేను దాని మొఖం ఇన్న, ఇంజన్‌ను గాదు. అది నవ్వింది. "లెవ్వు అవ్వా, గాజులు లెవ్వు" అన్నది. మీ మామ అద్దంల నన్ను సూసి మల్ల ఏడువవట్టె, ఈసారి సంబురంతోని. దేవునికి స్తోత్రం!

చర్చి గేటు కాడికి రాంగనే దానియేలుకు చెప్పిన, నాయిన లెక్క ఒక్క హారన్ కొట్టు అని. ఇనవడ్డదా నీకు లోపటికి?

"ఇనవడ్డది అవ్వా. నా పానం నిమ్మలమైంది అప్పుడు."

సూసినవా! గదే దాని అర్థం. నీకు ఎవ్వరు చెప్పకుండనే తెల్సింది. చేతులు కడుక్కునే తీరిక యాడిది మల్ల, పాట మొదలయ్యె, లోపటికి ఉరికినం. పాస్టరయ్య నా చేతులు సూసి కండ్లు పెద్దగ జేసిండు. ఫోటో తీసేటోడు "అవ్వా, చేతులు ఎనక పెట్టుకో" అన్నడు. నేను పెట్టుకుంటనా? ముంగటనే పెట్టిన. గందుకే ప్రతి ఫోటోల ఉన్నయి.

ఇగ అసలు ముచ్చట. మీ మామ ఆ వెండిరంగు మొత్తం గీకి తాత గీతలు ఎతుకుతనంటాండు. నేను వద్దన్న. ఆ గీతలు నా చెవుతోని కొట్టినయి. ఆ పెట్రోలు గూడ ఇప్పుడు లేదు, ఏమేమో కలుపుతున్నరట. ఇంజన్ గూడ ముసలిదైంది నా లెక్కనే. కొత్త గీతలు కొట్టాలె. గందుకే మిమ్ముల ఇద్దరిని ఇయ్యాల రమ్మన్న, కోడికూర కోసమే అనుకున్నవా? ఆదివారం ఒక పిల్ల పెండ్లి ఉంది మన చర్చిల, కారు అడిగిన్రు అప్పుడే.

నీ చెవులు మంచియే, నాకు తెల్సు. అయినా చెప్తున్న ఇను. సంసారంల ఎప్పుడో ఒకప్పుడు ఒకరికి ఇనవడకుంట అయితది బిడ్డా. చెవు పొయ్యే పనే లేదు, కోపం ఒక్కటి సాలు. గప్పుడు రెండోవాళ్ళు ఇనాలె. ఇని చెప్తె, "నీ గాజులే" అని నవ్వద్దు. గంతే. నాకు బైబిల్ గంత సదవరాదు గని గిది మాత్రం ఎరికే. దేవుడు మిమ్ముల సల్లగ జూడాలె, పిల్లా పాపలతోని నిండుగుండాలె, మీ ఇంట్ల అన్నం కుండ ఎప్పుడు...

ఏ స్నేహా! ఆ గిన్నెలు ఇడిసిపెట్టి రా, తాళంచెయ్యి తేపో. నువ్వు సీట్ల కూసో. గీ పిలగాడు తిప్పుతడు, ఉలి నా కాడ ఉంది. లే బిడ్డా, అంగీ చేతులు మల్సుకో. ఆ ఫోన్ గూడ తే, ఇంజన్ కాడ పెడదాం, అది గూడ ఇననియ్యి...